డబ్బా మనిషికి ఏం వరస?

ఆ రోజుల్లో మనిషికీ మనిషికీ మధ్య ఎంత ఎడం ఉండాలో ఎవరూ పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. వరస తెలిస్తే చాలు, దూరం దానంతటదే తేలిపోయేది. మేనమామ అయితే చెవి మెలిపెట్టేంత దగ్గర. వియ్యంకుడైతే మంచానికి ఆయన అటు కొస, మనం ఇటు కొస. బావమరిది అయితే అసలు ఎడమే లేదు, వాడి కాళ్ళు మన దిండు మీదే ఉంటాయి. ఇక అత్త అయితే అల్లుడు వాకిట్లోకి రాగానే కొంగు నెత్తిమీదికి లాక్కుని తలుపు చాటుకు పోయి, అక్కణ్ణుంచి గోడతో మాట్లాడేది. ఏ వరసా లేని కొత్తవాడు ఎదురైతే ముందు ఊరు అడిగేవారు, ఆ ఊరికి మన ఆడపిల్లలెవర్ని ఇచ్చామో, ఆ ఊరి పిల్లలెవర్ని తెచ్చుకున్నామో లెక్క తీసేవారు, రెండు నిమిషాల్లో వాణ్ణి బావనో బాబాయినో చేసి అప్పుడు గానీ పక్కన కూర్చోబెట్టుకునేవారు కాదు. ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, ఎనభైల మొదట్లో ఒక వారం రోజుల పాటు నేను వికారాబాద్‌లో ఒక యంత్ర మనిషికి కాపలా కాశాను. దానికి ఏ వరసా లేదు. అందువల్ల నా ఉద్యోగం ఊడిపోయేదాకా వచ్చింది. తర్వాత దానికి వరస కుదిరింది. అందువల్ల నిజంగానే ఊడిపోయింది.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. తాండూరులో ఒక బండల పాలిష్ కార్ఖానాలో పనికి కుదిరి నాలుగు నెలలైంది. ఇంట్లో మాత్రం "ఆఫీసులో పని" అని చెప్పాను. (ఆఫీసంటే రేకుల కింద ఒక బల్ల, మూడు కాళ్ళ కుర్చీ. నాలుగో కాలి స్థానంలో మూడు బండ ముక్కలు.) రోజూ పొద్దున వికారాబాద్‌లో ప్యాసింజరు ఎక్కి తాండూరుకు పోవడం, వచ్చినవాళ్ళకు బండలు చూపించడం, సాయంత్రం మళ్ళీ రైలెక్కడం. చిక్కల్లా ఆ చూపించడం దగ్గరే. నాకు కొత్తవాళ్ళతో నోరు పెగిలేది కాదు. పసుపు బండ అడిగితే పసుపు బండ వైపు వేలు చూపించేవాణ్ణి, నీలి బండ అడిగితే నీలి బండ వైపు. అంతకు మించి అడిగితే నా వేలు నేనే చూసుకునేవాణ్ణి. షెడ్డులో వాళ్ళు నాకు "మూగబండ" అని పేరు పెట్టారు. మా నాయిన అప్పటికే హెచ్చరించాడు. "కందులు కోతకొచ్చేదాక చూస్త. గప్పటిదాక నౌకరి పక్కా అయితే అయింది. లేకుంటే వచ్చి కొడవలి వట్టు" అన్నాడు. వ్యవసాయం మీద నాకు కోపమేమీ లేదు. వ్యవసాయానికే నా మీద కోపం. నేను కలుపు తీసిన సాళ్ళలో కలుపు నిలిచి కంది పోయేది. ఎలాగైనా తాండూరులో నిలబడాలని నాకు ప్రాణంగా ఉండేది.

కార్ఖానా యజమానిని అందరూ సాబ్ అనేవాళ్ళం. అరవై ఏళ్ళ మనిషి, తెల్లటి టోపీ, గడ్డానికి గోరింటాకు రంగు, కోపం వచ్చినంత తొందరగానే పోయే స్వభావం. ఆయన కిందటేడు పట్నంలో జరిగే పెద్ద ప్రదర్శన, నుమాయిష్‌కు పోయి అక్కడ ఒక దుకాణం ముందు చెయ్యి ఊపే ఇనుప మనిషిని చూసి వచ్చాడు. దాన్ని చూడ్డానికి జనం ఎంతలా ఎగబడ్డారంటే ఆ తోపులాటలో సాబ్ షేర్వానీ గుండీలు రెండు పోయాయి. గుండీలు పోయిన బాధ పక్కనపెట్టి, ఆ జనాన్ని చూసి ఆయన మనసు పారేసుకున్నాడు. ఈ ఏడు వికారాబాద్‌లో బడి మైదానంలో వారం రోజుల ప్రదర్శన పెడుతున్నారని తెలియగానే, "మన బండల స్టాల్ ముంగట గసొంటిదే ఒకటి నిలవెట్టాలె" అని ఉత్తర్వు వేశాడు.

తయారుచేసినవాడు మా మిస్త్రీ గ్రీజు మామ. (స్నానం చేసి పెళ్ళికి వచ్చినా ఆయన చెవి వెనక కొంచెం గ్రీజు మిగిలే ఉండేది.) తారు డ్రమ్ము మొండెం అయింది. గ్యాసునూనె (కిరసనాయిలు) డబ్బా తల అయింది. కళ్ళకు రెండు ఎర్ర బల్బులు, చెవులకు రెండు రేకు ముక్కలు, నోటికి ఒక బెజ్జం. పాత పాలిష్ మిషన్ మోటారు కడుపులోకి పోయింది. సైకిలు గొలుసులతో తలనూ కుడి చేతినీ దానికి కలిపారు. బల్ల కింద దాచిన మీటను కాలితో నొక్కితే, లోపల ఏదో గొంతు సవరించుకున్నట్టు చప్పుడై, తల పక్కకు తిరిగి, కుడి చెయ్యి నుదుటిదాకా లేచి సలాం పెట్టేది. మొదటిసారి అది సలాం పెట్టినప్పుడు సాబ్ తనకు తెలియకుండానే తిరుగు సలాం పెట్టాడు. మేమంతా చూశామని తెలిసి, ఆ చేత్తోనే టోపీ సర్దుకున్నాడు.

తర్వాత నన్ను పిలిచాడు. "ఇను మియా. పబ్లిక్ మీద వడ్తరు. చేతులు వెట్టి ఇరగ్గొడ్తరు. నీకు మాట్లాడే పనే లేదు, నీ పని ఒక్కటే. ఎవ్వర్నీ దగ్గరికి రానియ్యకు. దూరంకెల్లి సూపియ్యి, బండల దిక్కు పంపు. గీ వారం మంచిగ జేస్తే నువ్వు పక్కా. లేకుంటే మీ బాపుకు నేనే కబురు వెడ్త, కొడుకును తోల్కపో అని." మాట్లాడే పని లేదన్న ఒక్క ముక్కతో నాకు పాయసం తాగినట్టయింది. ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఈ పరీక్షలో నేను తప్పడమనేది జరగదనుకున్నాను.

ప్రదర్శన మొదలయ్యే రోజు పొద్దున్నే పోయి ఏర్పాట్లు చేశాను. బడిలో నేర్చుకున్న విద్యంతా ఉపయోగించి, మేకు పాతి, దారం కట్టి, సున్నంతో దాని చుట్టూ గుండ్రంగా గీత గీశాను. ఒక్కటే బోసిగా ఉందనిపించి లోపల ఇంకో గుండ్రం గీశాను. రెండింటి మధ్యా ఎర్రమట్టి పోసి చదును చేశాను. గ్రీజు మామ వచ్చి దిష్టి తగలకుండా దాని మెడలో నిమ్మకాయా, పచ్చి మిరపకాయలూ కట్టాడు. కొబ్బరికాయ కొట్టి నుదుట ఇంత కుంకుమ పెట్టాడు. సాబ్ వచ్చి చూసి తన వంతుగా చేతికి ఒక నల్ల గుడ్డ చుట్టాడు. చివరికి నేను ఒక అట్టముక్క మీద అందమైన అక్షరాలతో "వరసలో రండి" అని రాసి పక్కన కట్టాను. ముగ్గురం వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాం. ముగ్గురిలో ఒక్కరికీ అది చూస్తే ఏం గుర్తొస్తుందో తట్టలేదు.

జనానికి మాత్రం చూడగానే తట్టింది. భానామతి, చేతబడి కథలు పాలతో పాటు తాగి పెరిగిన ప్రాంతం మాది. సున్నం గీత, ఎర్రమట్టి, నిమ్మకాయ, నల్ల గుడ్డ, మధ్యలో ఎర్ర కళ్ళేసుకుని కదలకుండా నిలబడ్డ ఆకారం. మొదట వచ్చిన ముసలాయన పది అడుగుల దూరంలో ఆగి, "ఎవల మీద చేసిండ్రో పాపం!" అని నిట్టూర్చి, కండువా దులుపుకుని చుట్టు తిరిగి పోయాడు. తల్లులు పిల్లల కళ్ళు మూసి తీసుకుపోయారు. నేను మర్యాదకు మీట నొక్కితే అది సలాం పెట్టింది, నలుగురు పరుగు తీశారు, అందులో ఒకాయన చెప్పు మా స్టాల్ ముందే వదిలేసి పోయాడు. (మూడు రోజులు భద్రంగా దాచాను. రాలేదు.) పక్క స్టాల్లో ఎరువుల బస్తా చూడ్డానికి జనం విరగబడుతున్నారు, బస్తాలో ఏముంది చూడ్డానికి! మా ముందు మాత్రం ఎడ్లబండి తిరిగేంత ఖాళీ. వేరే పని లేక ఎవరు ఎన్ని అడుగుల దూరంలో ఆగుతున్నారో లెక్కపెట్టేవాణ్ణి. రైతులు పది, ఆడవాళ్ళు పన్నెండు. బడిపంతులు మూఢనమ్మకాలు లేనివాడు కాబట్టి ఎనిమిది. ఒక పోలీసు జవాను మాత్రం ధైర్యంగా గీత దాకా వచ్చి, గీత తొక్కకుండా ఆగి, "దీనికి పర్మిషన్ ఉన్నదా?" అని దాన్నే అడిగాడు. లోపలి గుండ్రం దాకా వచ్చిన ప్రాణి రెండు రోజుల్లో ఒక్కటే, అది కుక్క. వచ్చిన పని డ్రమ్ము మీద కానిచ్చుకుని పోయింది.

రెండో రోజు మధ్యాహ్నం సాబ్ తాండూరు నుంచి దిగాడు. స్టాల్ ముందున్న ఖాళీని చూశాడు, నన్ను చూశాడు. "శభాష్ మియా" అన్నాడు. "ఎవ్వర్నీ రానియ్యకు అంటే ఈగను గూడ రానిస్తలేవ్." నేను మెచ్చుకున్నాడనుకుని నవ్వాను. అది పొరపాటు. ఆ తర్వాత పావుగంట సేపు ఆయన తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడిన దాని సారాంశం ఏమిటంటే, జనం ఎగబడితే ఆపడానికి నన్ను పెట్టాడు, కానీ ముందు జనం ఎగబడాలి కదా, దానికి నోరు తెరిచి పిలవాలి కదా. "రేపటికెల్లి మనుషులు రాకుంటే ఆదివారం నాడే మీ బాపును పిలిపిస్త" అని చెప్పి బండి టైమైందని పోయాడు. ఆయన పోగానే చీపురు తెచ్చి గీతలు చెరిపేశాను. నిమ్మకాయ, మిరపకాయలు, నల్ల గుడ్డ విప్పేశాను. కుంకుమ తుడిచాను. పది అడుగులవాళ్ళు మర్నాటికి ఆరు అడుగులకు వచ్చారు. అక్కడ ఆగిపోయారు. నేను పిలుద్దామని నోరు తెరవడం, మూయడం. దూరం నుంచి చూసేవాళ్ళకు ఎవరు యంత్రమో తేల్చుకోవడం కష్టంగానే ఉండి ఉంటుంది.

మూడో రోజు పొద్దెక్కాక ఒక అవ్వ వచ్చింది. కుల్కచర్ల దిక్కు మనిషి. వెంట ముప్పై ఏళ్ళ కొడుకు. ఆరు అడుగుల దగ్గర ఆగి, యంత్రాన్ని కిందినుంచి పైదాకా చూసి, నా అట్టముక్క వైపు గడ్డం ఎత్తి అడిగింది. "ఏం రాసిండ్రు కొడుకా గా బోర్డు మీద?"

నేను బోర్డు వైపు వేలు చూపిస్తూ, "వరసల రావాలె అని" అన్నాను.

"వరసల్నా?" అవ్వ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని ఆలోచనలో పడింది. "గది నిజమే తియ్యి. వరస తెల్వకుండ ఎట్ల వస్తరు ఎవరైన? ఏం వరస అయితడు గీ పిలగాడు మనకు?"

లైను అవ్వా, లైను, ఒకరి వెనక ఒకరు, అని చెప్పాలి. ఆ మాట నా గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. నా మౌనాన్ని అవ్వ మర్యాద అనుకుంది. "ఏ ఊరు?" అని అడిగింది. "తాండూరు" అన్నాను. (నన్ను అడిగిందో, దాన్ని అడిగిందో ఇప్పటికీ నాకు తెలియదు.) అవ్వ ముఖం విప్పారింది.

"తాండూరోడా! గట్ల చెప్పవేంది మరి! మా నడిపి బిడ్డను ఇచ్చింది తాండూరే గద. అల్లునికి తమ్మునసొంటోడు. అంటే నాకు గూడ అల్లుడే." అని తేల్చేసి, చటుక్కున కొంగు నెత్తిమీదికి లాక్కుంది. ఒక పక్కకు తిరిగి, ఉన్న ఆరు అడుగుల నుంచి ఇంకో రెండు అడుగులు వెనక్కి జరిగి, అక్కణ్ణుంచి నాతో అంది. "మంచిగున్నడా అడుగు."

ఏం చెయ్యాలో తోచక మీట నొక్కాను. తల తిరిగింది, చెయ్యి లేచింది. అవ్వ ఓరకంట చూసింది. "మర్యాదస్తుడు. అత్తను సూడంగనే సలాం వెట్టిండు. పొద్దటిసంది నిలవడే ఉన్నడా? జర కూసోమనరాదు?"

"మోకాళ్ళు లేవవ్వా" అన్నాను.

"అయ్యో! గీ వయసులనే!" అని అవ్వ నిజంగా బాధపడింది.

కొడుకు ఇదంతా విని లెక్క తన వైపు నుంచి సరిచూసుకున్నాడు. "అమ్మకు అల్లుడైతే నాకు బావ" అని, అప్పటిదాకా ఒక్క మనిషీ దాటని ఆ ఆరు అడుగులూ నాలుగు అంగల్లో దాటి వచ్చి, డ్రమ్ము భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం బావా, చెల్లె మంచిగున్నదా?" అని, జేబులోంచి బీడీ తీసి దాని నోటి బెజ్జంలో పెట్టాడు. చుట్టూ ఉన్న జనం పెద్దగా నవ్వారు. ఆ నవ్వుతో భయం పోయింది. అవ్వ పోతూ పోతూ నన్ను కూడా వదల్లేదు. "నువ్వు ఈనికి ఏమైతవ్?" అంది. వీడి దగ్గర పని చేస్తానని చెప్పాను. "అయితే నా కొడుకసొంటోనివన్నట్టు" అని నాక్కూడా లెక్క తేల్చి పోయింది.

ఆ మాట మైదానమంతా పాకిపోయింది. ఆ ప్రాంతంలో తాండూరుతో ఏ సంబంధమూ లేని ఇల్లు ఉండటం కష్టం. వచ్చినవాళ్ళు ముందు నా దగ్గర ఆగి వరస అడిగేవారు, తేలాక దాన్నిబట్టి దూరం ఎంచుకునేవారు. నేనే ఆశ్చర్యపోయిన సంగతి ఏమిటంటే, ఈ లెక్కలు తియ్యడానికి నాకు నోరు పెగిలింది. "మీదే ఊరు? తాండూరుల ఎవ్వలన్న ఉన్నరా? మీ చిన్నాయన బిడ్డనిచ్చిండ్రా? అయితే బావ అయితడు, పో, దగ్గరికి పో" అని ధారాళంగా చెప్పేవాణ్ణి. బావమరుదులు దాని చెవి మెలిపెట్టేవారు, తువ్వాలు దాని మెడలో వేసేవారు. మరదళ్ళ వరస కుదిరిన కాలేజీ పిల్లలు నాలుగడుగుల్లో గుంపుగా నిలబడి, "బావా, సినిమాకు ఎప్పుడు తోల్కపోతవ్?" అని ఆటపట్టించేవారు, అది చెయ్యి ఎత్తగానే కెవ్వుమని పదడుగులకు పోయేవారు, మళ్ళీ నాలుగడుగులకు వచ్చేవారు. కర్ణాటక సరిహద్దు నుంచి వచ్చిన రాళ్ళ కూలీ ఒకాయన "ఏన్ మావా" అని పలకరించి తన సంచి దాని చేతికి తగిలించి చాయ్ తాగి వచ్చాడు. బుర్ఖాలో వచ్చిన ఒక ముసలమ్మ తాండూరులో కూతురుందని లెక్క తేలగానే "దామాద్ మియా" అని అల్లుడి వరసతో పిలిచి ముసుగు దించుకుని, కుల్కచర్ల అవ్వ నిలబడ్డ చోటే, సరిగ్గా ఎనిమిది అడుగుల్లో నిలబడి దువా చేసింది. ఒక ఆఫీసరుగారు సతీసమేతంగా వచ్చారు. ఆయనకు వరసల గొడవ పట్టదు, బిగుసుకుని నిలబడ్డారు. కోస్తా నుంచి వచ్చిన వాళ్ళావిడ మాత్రం నవ్వుతూ చేతులు జోడించి, "బాగున్నారా అన్నయ్యగారూ" అంది. దాంతో ఆయన బావ అయిపోయారు. జనమంతా చూస్తుండగా ముందుకు వచ్చి ఇనుప చేతిని పట్టుకుని ఊపక తప్పింది కాదు.

అందరిలోకీ నాకు బాగా గుర్తున్నది ఒక చిన్న వయసు ఆమె. తాండూరే ఆమె పుట్టిల్లట. వరస అడగనే లేదు. నేరుగా వచ్చి ఆ రేకు చేతి మీద తన అరచెయ్యి పెట్టి, "ఏం అన్నా, అమ్మ మంచిగున్నదా? ఒక్కసారన్న వచ్చి పోవైతివి" అంది. అందరితో పాటు తనూ నవ్వింది గానీ కళ్ళు నిండాయి. నేను మీట నొక్కలేదు. ఆమె తనంతట తానే చెయ్యి తీసుకునేదాకా ఊరుకున్నాను.

ఇలా శనివారం దాకా మా స్టాల్ కిక్కిరిసిపోయింది. సాబ్ వచ్చి చూసి నా వీపు తట్టి, "పక్కా అయినట్టే" అన్నాడు. ఆ "అయినట్టే" అనే మాటలో ఉన్న ప్రమాదం నాకు తెలియలేదు. ఆదివారం ఆఖరు రోజు. ఒకే ఊరి నుంచి ఎనిమిది మంది బావమరుదులు దిగారు. కొంచెం హుషారుగానే ఉన్నారు. బంతిపూల దండ తెచ్చి బావ మెడలో వేశారు. అక్కడితో ఆగితే బాగుండేది, దండ పడ్డాక ఊరేగింపు లేకపోతే ఎట్లా అన్నారు ఎవరో. నేను "జర ఆగుండ్రి, మోటరున్నది, పైలం" అంటూనే ఉన్నాను, ఎనిమిది మందీ దాన్ని భుజాల మీదికి ఎత్తనే ఎత్తారు. ఆ గలాటాలో నా కాలు మీట మీద పడింది. గాల్లో ఉన్న యంత్రం తల తిప్పింది, తిప్పుతూనే వెనక్కి తిరిగిపోయింది, గొలుసు తెగి చెయ్యి లేచి గిరగిరా తిరిగింది, కడుపులోంచి పొగ వచ్చింది. భయపడ్డ బావమరుదులు ఒక్కసారిగా దించేసరికి, సరిగ్గా అప్పుడే జనాన్ని చూసి మురిసిపోతూ వస్తున్న సాబ్ టోపీని ఆ ఇనుప చెయ్యి ఎగరగొట్టింది. దెబ్బ తగల్లేదు, టోపీ మాత్రం పక్క స్టాల్లో ఎరువుల బస్తా మీద పడింది.

సాబ్ బోడితల తడుముకుని, యంత్రాన్ని చూసి, తర్వాత స్టాల్లో వరసగా పేర్చిన బండల్ని చూశాడు. వారం క్రితం పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వేలమంది వచ్చారు, అల్లుణ్ణి చూశారు, బావను చూశారు, ఒక్కరూ బండ వైపు కన్నెత్తి చూడలేదు. ఆ సంగతి ఆయనా అప్పుడే గమనించాడు, నేనూ అప్పుడే గమనించాను. "నీకు చెప్పింది ఒక్కటే పని" అన్నాడు మెల్లగా. ఆయన అరిస్తేనే నాకు బాగుండేది. "దగ్గరికి రానియ్యకు అన్న. నువ్వు సుట్టరికం కలిపినవ్. మంగళవారం వచ్చి నీ టిఫిన్ గిన్నె, సామాను తీస్కపో మియా."

మంగళవారం తాండూరుకు పోయాను. షెడ్డులో అప్పటికే గ్రీజు మామ యంత్రాన్ని ఎక్కడికక్కడ విప్పేశాడు. డ్రమ్ములో నీళ్ళు పట్టారు. డబ్బాలో గ్రీజు పోశారు. మోటారు బాగు చేయించి పాలిష్ మిషన్‌కు బిగించారు. అది తడి బండ మీద గుండ్రంగా తిరుగుతూ తెల్లటి బురద చిమ్ముతోంది. నేను గిన్నె సంచిలో పెట్టుకుని, సాబ్‌కు చెప్పి పోదామా, చెప్పకుండా పోదామా అని గేటు దగ్గర తేల్చుకుంటుండగా, ఎదురుగా కుల్కచర్ల అవ్వ. వెనక కొడుకు, ఇంకో ఇద్దరు మగవాళ్ళు. ముగ్గురన్నదమ్ములూ తలా ఒక ఇల్లు కడుతున్నారట. బండలకని బస్సు దిగి బజారుకు పోతుంటే దారిలో నాలుగు కార్ఖానాల వాళ్ళు పిలిచారట. అవ్వ ఎక్కడా ఆగనివ్వలేదట. "అల్లుని కార్ఖానా ఉండంగ పరాయోళ్ళ తాన కొంటమా?" అంది నాతో.

సాబ్ చెవిన ఆ మాట పడింది. మూడు కాళ్ళ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టాడు, చాయ్ చెప్పాడు. మూడిళ్ళ బండలు! ఆ ఏడు అంత పెద్ద బేరం రాలేదు. అవ్వ చాయ్ ముట్టలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. "ముందుగాల పిలగాణ్ణి సూస్త. యాడున్నడు?" అంది. సాబ్ నన్ను పక్కకు లాగి చెవిలో గుసగుసలాడాడు. "బొంబాయి పోయిండని చెప్పు. నెల రోజులకు వస్తడని చెప్పు. గీ బేరం కుదిరితే నీ నౌకరి పక్కా, ఖుదా కసమ్."

అంత సులువైన అబద్ధం నా జీవితంలో మళ్ళీ ఎదురుకాలేదు. ఎప్పటిలాగా నోరు మూసుకుని తల ఊపినా సరిపోయేది. కానీ అవ్వ కొంగు నెత్తిమీదే పెట్టుకుని, అల్లుడు ఏ మూలనుంచి వస్తాడో అని ముందే ఒదిగి కూర్చుని ఉంది. ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. "అవ్వా, వాడు లేడు" అన్నాను. "వాన్ని ఇప్పేసినం. డ్రమ్ము నీళ్ళకు పోయింది. మోటరు తీసి గాదానికి వెట్టినం." పాలిష్ మిషన్ వైపు చూపించాను, వేలితోనే. నా వెనక సాబ్ నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. కొడుకులు ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు.

అవ్వ లేచి షెడ్డు దాకా నడిచింది. ఎనిమిది అడుగుల దూరంలో ఆగింది. పాలిష్ మిషన్ బండ మీద తిరుగుతూనే ఉంది, గరుకుగా ఉన్న బండ కాస్త కాస్తగా నున్నబడుతోంది. చాలాసేపు చూసింది. అప్పుడు మా అందరి వైపు తిరిగి, "పనిల వడ్డడు" అంది సంతోషంగా. "గట్ల ఊకె నిలవడి సలాములు కొట్టుకుంట ఉంటే ఏమొస్తది? మగపిలగాడన్నంక పనిల వడాలె. మంచిగయింది." అని, పెద్దకొడుకుతో, "అల్లుడు పాలీషు వెట్టిన బండలే గావాలె, ఇంకోటి వద్దు" అని చెప్పింది. సాబ్ రెండు చేతులూ పైకెత్తి దేవుణ్ణి తలుచుకున్నాడు.

ఆమె మూట విప్పింది. జొన్నరొట్టెలు, పల్లి పొడి. "ఆడు ఎట్లా తినడు. నువ్వు తిను" అంది నాతో. నేను నాలుగడుగుల దూరంలో, చేతిలో సంచి పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి చాపినా అందదు, ఆమె చెయ్యి చాపినా అందదు. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేంది గంత దూరం నిలవడ్డవ్? ఆడు అల్లుడు, ఆని తాన దూరం ఉండాలె. నీ తాన నాకేం దూరం? ఇట్ల రా కొడుకా, దగ్గరికి రా." వెళ్ళాను. రొట్టె నా చేతిలో పెట్టి, గరుకు చేత్తో నా చెంప తుడిచింది. ఏదో బురద చుక్క పడిందేమో మరి. సాబ్ వెనకనుంచి, "ఆ గిన్నె లోపట వెట్టు మియా, యాడికి పోతున్నవ్, బండలు లారీకెక్కియ్యాలె" అని కసిరాడు. నా ఉద్యోగం పక్కా అయిన సంగతి నాకు అలా తెలిసింది. ఆ తర్వాత అక్కడే ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను.

ఆ సాయంత్రం రైలు కిక్కిరిసి ఉంది. మామూలుగా నేను ఎవరికీ తగలకుండా తలుపు దగ్గర గాలికి నిలబడి వచ్చేవాణ్ణి. ఆ రోజెందుకో లోపలికి పోయి, "జర జరుగుండ్రి" అని అడిగి, నలుగురి బల్ల మీద ఆరో వాడిగా ఇరుక్కుని కూర్చున్నాను. పక్కన ఒక కందుల వ్యాపారి, బస్తాలు మోసి మోసి అలిసిపోయినట్టున్నాడు, రెండు స్టేషన్లు దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. మనిషి తల అంత బరువుంటుందని నాకు అంతకుముందు తెలియదు. వికారాబాద్ వచ్చింది. దిగాల్సినవాళ్ళు దిగారు. నేను లేస్తే ఆయనకు మెలకువ వస్తుంది. ఒక్క నిమిషం చూద్దామనుకున్నాను, బండి కదిలింది. శంకర్‌పల్లిలో ఆయన లేచి, మూతి తుడుచుకుని, "మీరు యాడ దిగాలె?" అని అడిగితే, "ఈడనే" అని చెప్పి దిగిపోయాను. తిరుగు బండి కోసం ప్లాట్‌ఫారం మీద గంటన్నర కూర్చున్నాను, మిగిలిన రొట్టె తిన్నాను. చొక్కా భుజం మీద ఆయన నూనె మరక. ఇంటికి పోయాక నాయిన ఆలస్యమెందుకైందని అడిగితే ఏం చెప్పాలో తెలియక మళ్ళీ మూగబండనయ్యాను. ఇప్పటికీ ఆ ఇరవై రెండేళ్ళ పిచ్చివాడు గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది, వాడంటే ముద్దుగానూ ఉంటుంది.